ఉలవలు తొక్కిన బండి

మా ఇంట్లో కోపం నాది, నవ్వు మా ఆయనది. నేను మోటార్‌సైకిల్ నేర్చుకుంటానన్నప్పుడు కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై అప్పటికి రెండేళ్లో మూడేళ్లో అయింది. ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించి దించే దగ్గర పనిచేసేవాడు. కంపెనీ వ్యాన్ వచ్చి తీసుకుపోయేది, అందుకని మా బండి పగలంతా మెట్ల కింద ఊరికే ఉండేది. నాకేమో కొత్తూరు వైపు లోపలి పల్లెలో, బడిలో చదువు చెప్పే కాంట్రాక్టు పని వచ్చింది. ఆ ఊరికి మొదటి బస్సే పదకొండింటికి. సోమవారం తొమ్మిదింటికల్లా చేరకపోతే లిస్టులో నా తర్వాతివాళ్లకు ఇచ్చేస్తామన్నారు. నాకంటూ వచ్చిన మొదటి ఉద్యోగం అది. వదులుకోవడమన్న మాట తలచుకుంటేనే ఏడుపొచ్చేది.

ప్లాట్ల కోసం చదును చేసిన ఖాళీ జాగాలో మూడు వారాలు నేర్పించాడు. ఆదివారం పొద్దున షరతు పెట్టాడు.

"ఆ ఊరి దాంక నువ్వే నడుపు, తిరిగి నువ్వే తీస్కరా. నేను ఎనక కూసుంట. ఒక్కసారి పడ్డవంటె ఇగ గీ ముచ్చట ఎత్తొద్దు."

"పడితె గద!" అన్నాను.

హైవే ఎక్కకుండా ఊళ్ల మధ్య రోడ్డు పట్టాం. చున్నీ నడుముకు బిగించి కట్టాను. చలికాలం ఎండ వీపు మీద హాయిగా ఉంది. మూడో గేరు దాటితే ఒట్టు. పాల క్యాన్లతో సైకిల్ మీద పోతున్న ముసలాయన మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి చూశాడు కూడా. మా ఆయనకు ఇక నవ్వు ఆగదే! ఒక రేకుల హోటల్ దగ్గర ఆగి చాయ్ తాగాం, మిరపకాయ బజ్జీలు తిన్నాం. నెత్తి మీదుగా విమానం చక్రాలు దించుకుని పోతుంటే, గడియారం చూసి అది ఏ ఊరిదో చెప్పాడు. నిజమో కాదో నాకేం తెలుసు, అబ్బో అన్నాను. తర్వాత ఇంకోచోట ఆగి జామకాయలు కొన్నాం. మాకేం తొందర లేదు.

ఆ ఊరి మొదటి ఇళ్లు కనిపించాయి. ఇంకేముంది, సగం గెలిచేశాననుకున్నాను. మలుపు తిరిగితే తారురోడ్డు లేదు! ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కోసిన ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. పోయే బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని మా వైపు అట్లా పరుస్తారు. హడలిపోయి గట్టిగా బ్రేకు తొక్కాను. బండి జర్రున జారింది. నేను, ఆయన, బండి, ముగ్గురం ఉలవల్లో పడ్డాం.

దెబ్బలేం తగల్లేదు. కానీ పడ్డానా లేదా? పడ్డాను. నా ఉద్యోగం కాస్తా ఉలవల్లో కలిసిపోయింది. మా ఆయన మొదటిసారి నవ్వలేదు. అది చూసి నాకింకా భయమేసింది.

ఒక అవ్వ కర్ర పట్టుకుని ఉరికొచ్చింది. ఆ పంట ఆవిడదే.

"రోడ్డేమన్న నీ కల్లమా అవ్వా? మనుషులు సస్తె ఎవరిది జిమ్మా?" అని నోటికొచ్చినట్టు అరిచాను.

అవ్వ నా అరుపు అయ్యేదాకా ఆగింది. నా జుట్టులో ఇరుక్కున్న ఉలవ కాయలు ఏరి రోడ్డు మీద పడేసింది.

"మా కల్లంల ప్లాట్ల రాళ్లు పాతిండ్రు బిడ్డా. ఇగ యాడ పరవాలె? పెద్ద రోడ్డు పడ్డంక ఇటు లారీలు గూడ బందైనయి. పొద్దట్నుంచి ఎదురుసూస్తుంటె మీరొక్కలే వస్తిరి. మీరు గూడ పడితిరి." అని ఆవిడే నవ్వేసింది. "జర నాలుగుసార్లు ఇటటు తిప్పు బిడ్డా, పుణ్యముంటది."

నా కోపం ఎటు పోయిందో పోయింది. మా ఆయన హ్యాండిల్ పట్టుకోబోయాడు. "నువ్వాగు," అన్నాను. ఎట్లాగూ ఓడిపోయాను, ఇంకా పోయేదేముంది?

మొదటి గేరులో, రెండు కాళ్లూ ఈడ్చుకుంటూ మొదలుపెట్టాను. "బ్రేకు తొక్కకు, మెల్లగ పోనియ్యి!" అని మా ఆయన పక్క నుంచి ఒకటే అరుపులు. రెండుసార్లు జారింది, రెండుసార్లూ ఆపుకున్నాను. అవ్వ కర్రతో చెట్లు తిరగేస్తూ, "బరువు సాల్తలేదు బిడ్డా, నీ మొగుణ్ణి గూడ ఎక్కించుకో," అంది. ఆయన్ను కూడా ఎక్కించుకున్నాను. ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. చివరికొచ్చేసరికి కాలు కింద పెట్టకుండానే మలుపు తిప్పుతున్నాను. ఉలవలు చిటపటా రాలుతుంటే చిన్నపిల్లలా కేకలు పెట్టాను.

బయల్దేరుతుంటే అవ్వ నా చున్నీ చెంగులో రెండు దోసిళ్ల ఉలవలు పోసి కట్టింది.

"ఇంకో చెల్కల కోసిన ఉలవలున్నయి. రేపు గూడ వస్తవా బిడ్డా?"

అద్దంలో చూస్తే మా ఆయన గడ్డం మీద దుమ్ము తుడుచుకుంటున్నాడు.

"వస్తది అవ్వా," అన్నాడు. "మీ బడికి కొత్త పంతులమ్మ. తొమ్మిదింటికల్ల బళ్లె ఉండాలె, ఒక్క రౌండే కొడ్తది."

నాకు ఏడుపొచ్చి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి ఎగిరి ఆగిపోయింది. వెనక నుంచి నవ్వు వినిపించింది. ఈసారి ఒళ్లు మండలేదు. కళ్లు తుడుచుకుని కిక్కు కొట్టాను.