హెల్మెట్ ఎవరిచ్చారు?

"ఆ అమ్మాయి మీ మనిషే కదా. నువ్వు చెప్తే తేలిగ్గా తీసుకుంటుంది," అన్నాడు కాలేజీ ప్రెసిడెంట్.

రేష్మ తన మనిషి ఎలా అయిందో దామోదర్‌కి వెంటనే తట్టలేదు. తట్టాక మెడ దగ్గర్నుంచి చెవుల దాకా వేడెక్కింది.

శనివారం ఫుట్‌బాల్ ఆటలో మార్కస్ అనే కుర్రాడు మైదానం అంచున కుప్పకూలాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. అంతకుముందే తలకి దెబ్బ తగిలినవాణ్ణి మళ్లీ ఆటలోకి ఎవరు పంపారు? సోమవారం పొద్దుటికల్లా కాలేజీలో అందరి నోటా ఇదే ప్రశ్న. జవాబు ప్రెసిడెంట్ దగ్గర సిద్ధంగా ఉంది. ట్రైనర్ రేష్మ పొరపాటు. ఆమెని తీసేయాలి. ఆ మాట స్పోర్ట్స్ డైరెక్టర్‌గా దామోదర్ చెప్పాలి. ఇద్దరూ తెలుగువాళ్లు కాబట్టి.

"ఆమె వాణ్ణి ఆపింది. హెల్మెట్ లాగేసుకుంది," అన్నాడు దామోదర్.

"అయినా వాడు ఆడాడు కదా. అంటే ఆపలేదనేగా?" అన్నాడు ప్రెసిడెంట్. "ఈ వారంలో పని కానివ్వు. కుర్రాడి ఇంట్లోవాళ్లతో మాత్రం ఎవరూ మాట్లాడొద్దు. అది లాయర్లు చూసుకుంటారు."

దామోదర్ ఆ కాలేజీకి వచ్చింది 2001లో. ఉత్తర టెక్సస్‌లో, ప్లేనో నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ప్రైవేటు కాలేజీ అది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాళ్లతో తన్నే ఆట కాదు. హెల్మెట్లూ, భుజాల మీద ప్యాడ్లూ కట్టుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకుని పడేసే ఆట. మూడేళ్ల వయసులో అమ్మానాన్నలతో టెక్సస్ వచ్చిన దామోదర్‌కి తెలిసిన ఆట అదొక్కటే. హైస్కూల్లో బాగా ఆడాడు. కాలేజీలో ఎక్కువగా ఆటలోకి దిగకుండా బెంచీ మీదే కూర్చున్నాడు. చదువయ్యాక ఇక్కడ అసిస్టెంట్ కోచ్‌గా చేరి జెర్సీలు ఉతికాడు, ఆటల వీడియోలు ఎడిట్ చేశాడు, డ్రైవర్ రాని రోజు వ్యాన్ నడిపాడు.

ప్లేనోలో పార్టీలకి వెళ్తే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఏ కంపెనీ బాబూ?"

"ఫుట్‌బాల్ కోచ్‌ని అంకుల్."

"అది సరేలే. మరి ఉద్యోగం?"

టెలికాం ఇంజనీరైన తండ్రి సత్యం అప్పుడు అడ్డుపడేవాడు. "కాలేజీలో ఎడ్యుకేషన్ లైన్‌లో ఉన్నాడండీ." దామోదర్ పళ్లెం పట్టుకుని అవతలికి పోయేవాడు. అతనికి కోపం ఎక్కువ. మైదానం అంచున నిలబడి గొంతు పోయేలా అరవడానికి జీతమిచ్చే ఉద్యోగం కావడంతో ఆ కోపం చాలా ఏళ్లు పనికొచ్చింది. 2008లో హెడ్ కోచ్ అయ్యాడని ఫోన్ చేస్తే సత్యం అడిగింది ఒక్కటే. "హెడ్ అంటే హెచ్.ఓ.డి. లాంటిదా?"

రేష్మ 2010లో వచ్చింది. ప్లేనోలోనే పుట్టిన పిల్ల. పార్టీల్లో దామోదర్‌ని అంకుల్ అని పిలిచే అమ్మాయి కాలేజీలో అడుగుపెట్టిన రోజునుంచే కోచ్ అంది. ఆటగాళ్ల మోకాళ్లకి పట్టీలు వేయడం, దెబ్బలకి ఐస్ పెట్టడం ట్రైనర్ పని. తలకి దెబ్బ తగిలితే ఆడొచ్చో లేదో చెప్పడం కూడా. ఆ చివరి పనిలోనే చిక్కు. ఆటగాళ్లు అబద్ధాలాడతారు. కళ్లముందు రెండు బంతులు కనిపిస్తున్నా బాగానే ఉన్నానంటారు. అందుకే ట్రైనర్లందరికీ ఒక అలవాటు: వాదించరు, హెల్మెట్ లాగేసుకుంటారు. హెల్మెట్ లేనివాణ్ణి రిఫరీ ఆడనివ్వడు. రేష్మ దాన్ని నీళ్లబిందెలా చంకనెత్తుకుని ఆట అయిపోయేదాకా తిరిగేది. పెద్ద పెద్ద కుర్రాళ్లు వెనకాలే బతిమాలుతూ నడిచేవాళ్లు.

ఒకసారి ఆమె దామోదర్ గదికి వచ్చింది.

"కోచ్, నా బాస్ మీరు. మీకు నచ్చకపోతే నన్ను పంపించేయొచ్చు. అలా ఉండకూడదు. నేను హెల్త్ సెంటర్‌లో డాక్టర్ కింద ఉండాలి."

"నేను నీ మాట ఎప్పుడైనా కాదన్నానా? నేనుండగా నీకేం భయం?"

"మీరు లేనప్పుడు?"

"నేనెక్కడికి పోతాను!" అని నవ్వాడు.

2012లో పోయాడు. ఎక్కడికో కాదు, మేడ మీదికి. పాత డైరెక్టర్ రిటైరయ్యాడు. ప్రెసిడెంట్ ఆ పదవి ఇస్తానన్నాడు. ఆగస్టు నుంచి నవంబరు దాకా దామోదర్ ఇంట్లో ఉండేవాడు కాదు, మిగతా నెలలు కొత్త ఆటగాళ్ల కోసం ఊళ్లు తిరిగేవాడు. "కన్నకూతురు దియ నిన్ను గెస్ట్ అనుకుంటోంది. వచ్చినప్పుడల్లా ఎప్పుడు వెళ్తావని అడుగుతోంది చూడు," అంది భార్య విజయశ్రీ. అతను సూటు కుట్టించుకున్నాడు. ఇక పార్టీల్లో సత్యం ఎవరూ అడక్కముందే చెప్పేవాడు, "మావాడు డైరెక్టర్."

తన కింద పనిచేసిన టైలర్‌ని దామోదరే హెడ్ కోచ్‌గా పెట్టాడు. పదవితోపాటు రేష్మ మీద అజమాయిషీ కూడా టైలర్‌కి వెళ్లింది. దాన్ని మార్చే అధికారం ఇప్పుడు దామోదర్ చేతిలో ఉంది. మార్చలేదు. టైలర్ తను తయారుచేసిన మనిషి, అలాంటివాడు కాదు అనుకున్నాడు.

ఆ శనివారం, 2014 అక్టోబరులో, దామోదర్ స్టేడియం పై అంతస్తులో అద్దాల గదిలో విరాళాలిచ్చే పెద్దమనుషుల పక్కన కూర్చున్నాడు. మార్కస్‌కి దెబ్బ తగలడం చూశాడు. రేష్మ వాడి ముందు గొంతుక్కూర్చోవడం చూశాడు. ఇంతలో ఎవరో పార్కింగ్ గురించి అడిగితే అటు తిరిగాడు. మళ్లీ చూసేసరికి మార్కస్ ఆటలో ఉన్నాడు. రేష్మ సరేనని ఉంటుందిలే అనుకున్నాడు. కాసేపటికి మార్కస్ పడవలో నడుస్తున్నవాడిలా తూలుతూ అంచుదాకా వచ్చి పడిపోయాడు.

దామోదర్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేసరికి రేష్మ మోకాళ్ల మీద కూర్చుని మార్కస్ మెడ కదలకుండా పట్టుకుని ఉంది. మార్కస్ హెల్మెట్ ఆమె మోకాలి పక్కనే ఉంది. గడ్డిలో ఇంకో హెల్మెట్ దొర్లుతోంది. బెంచీ దగ్గర ఒక కుర్రాడు హెల్మెట్ లేకుండా వట్టి తలతో నిలబడి టైలర్ వైపు చూస్తున్నాడు. ఎవరి నెత్తిమీంచి తీసి ఎవరికి పెట్టారో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు, ప్రెసిడెంట్ గదిలోంచి దామోదర్ తిన్నగా టైలర్ దగ్గరికి నడిచాడు.

"వాడే అడిగాడు కోచ్," అన్నాడు టైలర్. "ఏడుస్తూ అడిగాడు, పంపమని."

"మైదానంలో నిలబడి ఏడుస్తున్నవాడి తల బాగున్నట్టా?"

"నా మీద అరవకు. నువ్వూ పైనుంచి చూస్తూనే ఉన్నావు. వాడు మళ్లీ దిగాడు. నీ దగ్గర ఫోన్ లేదా?"

దామోదర్ చెయ్యి పిడికిలయింది. కొడితే హాయిగా ఉండేది. కొట్టకుండా బయటికొచ్చాడు. టైలర్ అన్నది నిజం కావడం అతని కోపాన్ని ఏమీ తగ్గించలేదు, ఇంకా పెంచింది.

కారిడార్లో ఉండగా రేష్మ తల్లి సుధ ఫోన్ చేసింది. "దామోదర్, ఆడపిల్ల కదా, రికార్డు పాడైతే ఇంకెక్కడా తీసుకోరు. ఒక సారీ చెప్పించేసి సర్దేయవా?"

"తప్పు తనది కాదండీ."

"ఎవరిదైతే ఏం బాబూ? చిన్నవాళ్లు వంగితే గొడవ ఉండదు."

రేష్మ ట్రైనింగ్ రూమ్‌లో టేపు చుట్టలు సర్దుతోంది. తల ఎత్తలేదు.

"మా అమ్మ కాల్ చేసిందా? నేను సారీ చెప్పను. మీరెందుకు వచ్చారు? ఫైర్ చేయడానికా?"

"నన్ను చెప్పమన్నారు."

"తెలుగులో చెప్పమన్నారా?"

అతను తలూపాడు.

"నిజంగానా! ఓ మై గాడ్!" చేతిలో టేపు బల్ల మీద గిరాటేసింది. "మీరు లేనప్పుడు ఎలా అని నేను అడిగాను కదా కోచ్. మీరు నవ్వారు. టైలర్ హెల్మెట్ అడిగితే నో చెప్పాను. నా బాస్‌కి, అందరి ముందు. ఇంకేం చేయాలి? ఉన్న హెల్మెట్లన్నీ నేనే పట్టుకోవాలా?"

"మార్కస్ వాళ్లమ్మ ఎక్కడుంది?" అన్నాడు దామోదర్.

"హాస్పిటల్‌లో. నన్ను వెళ్లనివ్వలేదు."

అతను కారెక్కాడు.

మార్కస్ తల్లి డెనిస్ ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఉంది. హైస్కూల్ క్యాంటీన్‌లో పని చేస్తుంది. ఆ యూనిఫాంలోనే ఉంది. దామోదర్ ఎవరో చెప్పుకోగానే లేచి నిలబడింది.

"ఆ ట్రైనర్ పిల్ల పేరేంటి? మీ కాలేజీ నుంచి ఎవరో ఫోన్ చేశారు. ఆ అమ్మాయే సరేనందట. మా అన్నయ్య కేసు వేద్దామంటున్నాడు."

"ఆ అమ్మాయి వద్దంది. మీవాడి హెల్మెట్ తీసేసుకుంది. హెడ్ కోచ్ ఇంకో కుర్రాడి హెల్మెట్ తీసి మీవాడికి ఇచ్చాడు."

ఆమె ఒకడుగు దగ్గరికి వచ్చింది.

"మళ్లీ చెప్పు."

చెప్పాడు. టైలర్ పేరు కూడా చెప్పాడు.

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పైన. అద్దాల గదిలో."

"నా కొడుకు మళ్లీ దిగడం చూశావా?"

"చూశాను. ట్రైనర్ ఒప్పుకుందేమో అనుకున్నాను."

"అనుకున్నావు," అందామె. గొంతు పెద్దది చేయలేదు. "పొద్దున్న వాడికి మెలకువ వచ్చింది. తప్పంతా తనదేనట, తనే బతిమాలాడట. కోచ్‌ని ఏమీ అనొద్దని నాకు చెప్తున్నాడు. లైటు వేస్తే ఓర్చుకోలేకపోతున్నాడు, అయినా కోచ్ గురించే!"

"అడగడం వాడి పని. వద్దనడం మా పని."

"ఈ మాట నాకు కాదు, లోపలికొచ్చి వాడికి చెప్పు. తర్వాత చెప్దువుగాని, ముందు ఆ పైవాడి నంబరు ఇవ్వు. మీ ప్రెసిడెంట్‌ది."

దామోదర్ ఫోన్ తీశాడు. నిజం తెలిసిన ఈ తల్లి నేరుగా ప్రెసిడెంట్‌తో మాట్లాడితే రేష్మని ఎవరూ ముట్టుకోలేరు. తన కాంట్రాక్టు మాత్రం వచ్చే జూన్‌తో సరి, మళ్లీ పొడిగించరు. తండ్రి పార్టీల్లో చెప్పుకోవడానికి ఇంకో మాట వెతుక్కోవాలి. ఆఫీసు నంబరిస్తే ఎవరో సెక్రటరీ ఎత్తుతుంది. అతను ప్రెసిడెంట్ ఇంటి నంబరూ, సెల్ నంబరూ రెండూ చదివాడు. ఒక్కో అంకె విడివిడిగా, ఆమె తన ఫోన్‌లో నొక్కేదాకా ఆగి.