చేపల తొట్టిలో పచ్చనీళ్లు

తూనికల శాఖలో ఇరవై రెండేళ్లుగా ఇన్‌స్పెక్టరు. ఎవర్నీ నమ్మకపోవడం ఆయన ఒంట్లో జీర్ణించుకుపోయింది. ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా "తక్కెడ" అనేవారు. ఇంటికొచ్చిన పాలప్యాకెట్టును చేత్తో ఎగరేసి బరువు చూస్తే గానీ ఫ్రిజ్‌లో పెట్టనిచ్చేవాడు కాదు.

ఆ ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన నాలుగడుగుల చేపల తొట్టి ఉంది. బావమరిది దగ్గరుండి అమర్చిపెట్టాడు. అడుగున ఇసుక పరిచింది కూడా అతనే. మూడు నెలలు తిరక్కుండానే అద్దాలకు నాచు పట్టింది. గీకితే వారానికల్లా మళ్లీ మొలిచేది. నీళ్లు పచ్చబడ్డాయి. ఇసుకలో నల్లటి మచ్చలు కనిపించాయి. ఓ ఆదివారం తక్కెడ పుల్లతో కెలికాడు. బుడగలు పైకి లేచి, కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంది. సాయంత్రానికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి.

"మీ తమ్ముడి పనే ఇది. కట్టుబడి దగ్గర మిగిలిన ఇసుకేదో తెచ్చి పోసుంటాడు," అన్నాడు భార్యతో.

"మీ చేపల మీద వాడికేం పగండీ?"

బావమరిదిని పిలిపించి నిలదీశాడు. అతను తొట్టిలోకి వంగి చూశాడు.

"ఇసుక చేపలమ్మే దుకాణంలోదే బావా, నాలుగు నీళ్లు కడిగి పోశాను. కాస్త మందంగా పోసిన మాట నిజం. కానీ మేత ఎక్కువై అడుగున కుళ్లుతోందేమో చూడు."

"మేత వేసేది నేను. పొద్దున ఒక్క చిటికెడు. నా చెయ్యి తప్పదు."

"అయితే నేనే విషం కలిపాననుకో!" అతను మంచినీళ్లు కూడా ముట్టకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కానీ మేత అన్న మాట తక్కెడ బుర్రలో దూరింది. మర్నాడు తన చిటికెడు వేశాక మేత డబ్బాను చిన్న త్రాసులో తూచాడు. సాయంత్రానికి నాలుగు గ్రాములు తక్కువ! ఆ మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, పదకొండింటికి చప్పుడు చెయ్యకుండా తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

వాళ్లింట్లోనే ఉంటున్న అత్తగారు తొట్టి ముందు కుర్చీలో కూర్చుని పిడికెడు మేత చల్లుతోంది. "తినండమ్మా, మా అల్లుడిగారి చిటికెడు ఏ మూలకి?"

అంతలో భార్య వంటగదిలోంచి వచ్చింది. "అమ్మా, వీటికేమైనా వేశావా?"

"లేదే!" అంది అత్తగారు, మేతంటిన చెయ్యి పమిటకు తుడుచుకుంటూ.

"అయితే ఆ డబ్బా ఇలా తే," అని భార్య ఇంకాస్త చల్లింది.

తక్కెడ లోపలికొచ్చాడు. "పొద్దున వేశానని చెప్పానా లేదా?"

"చెప్పారు," అంది భార్య తడబడకుండా. "నమ్మలేదు. మీరు వాటికి కూడా తూచి పెట్టే రకం."

ఆయన డబ్బా అందుకుని మూత బిగించాడు.

ఆ సాయంత్రమే బావమరిది ఇంటికి వెళ్లాడు. క్షమించమనడం చేతకాక, "ఆదివారం ఖాళీయేనా?" అని అడిగాడు. అతను కాసేపు బెట్టు చేసినా, ఆదివారం వచ్చాడు. ఇద్దరూ కలిసి సగం ఇసుక తోడేశారు. పైపుతో అడుగు మురికి లాగి, మూడోవంతు నీళ్లు మార్చారు. తొట్టి మీద ఎండ పడి నాచు పెరగకుండా కిటికీకి మందమైన తెర కట్టారు.

నీళ్లు తేటపడటానికి నెలన్నర పట్టింది. మూలల్లో నాచు కొద్దిగా ఉండిపోయింది. మేత పని అత్తగారొక్కరికే, రోజుకో చిటికెడు చొప్పున అప్పగించారు. మొదటి వారమంతా ఆవిడ అల్లుడితో మాట్లాడలేదు.