లెవెల్లో తలకిందులు కాని మనిషి

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. ఓవర్సీరు చదువు చదివాను. కొలవగలిగినదాన్నే నమ్ముతాను. ఇది కూడా కొలిచే పనిలోనే జరిగింది.

కేతేపల్లి దగ్గర పెద్ద రోడ్డు వెడల్పు చేస్తున్నాం. సాగర్ డ్యాం పనికి సిమెంటు లారీలు ఆగకుండా తిరుగుతున్న రోజులు. ఒక పొద్దున గొల్ల మల్లయ్య గొర్రెలు అడ్డం వచ్చి ఎవరో అధికారి జీపు ఆగింది. వెంట ఉన్న పోలీసు జమేదారు దిగి మల్లయ్యను పట్టుకున్నాడు. సంకెళ్ళు లేవు. అతని తలకున్న రుమాలే గుంజి, చేతులు వెనక్కి విరిచి కట్టాడు. మలుపులో, తారు అంచున గొంతుక్కూర్చోబెట్టాడు. తాను హోటల్ పందిరి కింద చాయ్‌కి కూర్చున్నాడు.

మలుపులో లారీవాళ్ళకు మనిషి కనపడడు, పందిట్లోకి తెమ్మని చెప్పాను.

“నీ కంకర నువ్వు చూస్కో ఓర్సీరు సాబ్. వాడేమన్న దొరనా, కుర్సీ ఏయాల్నా?” అన్నాడు జమేదారు.

మల్లయ్య అక్కడి నుంచే, “కుర్సీ ఒద్దు, చాయ్ గూడ ఒద్దు సాబ్. జర నీడకు గుంజుండ్రి, నెత్తి కాలుతాంది” అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. అక్కడ జాగా ఖాళీగానే ఉంది.

లారీ వచ్చింది. చేతులు వెనక్కి ఉన్న మనిషి లేవలేకపోయాడు.

రుమాలు జమేదారే విప్పి తీసుకుపోయాడు. పారిపోతూ లారీ కింద పడ్డాడని రాశాడు. విచారణలో నేను చేతులు కట్టి ఉన్నాయన్నాను. ఎవరూ రాసుకోలేదు. పట్టుకున్న మనిషి ప్రాణం పట్టుకున్నవాడి పూచీ. ఇది తెలియడానికి చట్టం చదవాలా?

తర్వాత ఆ మలుపులోనే, రోడ్డు ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం పెట్టాల్సి వచ్చింది. దాని గొట్టంలో చూస్తే అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. అద్దాల అమరిక అంతే. కొలత పట్టీ పట్టుకున్న ఖలాసీ తలకిందులుగా ఉన్నాడు. అతని పక్కన తారు అంచున ఒక మనిషి చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని తల మాత్రం పైకే ఉంది.

కన్ను తీసి చూస్తే ఖలాసీ ఒక్కడే. అద్దాలు తుడిచాను. యంత్రం జాగా మార్చాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం చూశాను. ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే మల్లయ్య భార్య రాములమ్మ వచ్చింది.

“ఉరికిండంటున్నరు సారూ. ఉరకనీకి ఆయనేమన్న దొంగనా? నువ్వన్న నిజం చెప్పు.”

చేతులు కట్టారని చెప్పాను. దేంతో కట్టారో చెప్పడానికి నోరు రాలేదు. నా చూపు మాటిమాటికీ లెవెల్ వైపు పోవడం గమనించి, ఆమె వంగి కన్ను పెట్టింది. మొదటిసారి చూసేవాళ్ళు లోకం తిరగబడిందని నవ్వుతారు. ఆమె నవ్వలేదు.

“ఆయన రుమాలుతోనే కట్టిండ్రా! వాళ్ళ చేతులిరగ!”

తిన్నగా మలుపుకు పోయి నేల మీద కూర్చుంది. వస్తున్న లారీని నేను ఎర్రజెండా ఊపి ఆపాను. ఆమె వేళ్ళు గాలిలో ముడి విప్పుతున్నాయి. గొట్టంలోకి చూశాను. రాములమ్మ తలకిందులుగా ఉంది. పక్కన ఎవరూ లేరు.

ఆ మనిషి గొట్టంలో మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు. నేను చదివిన అద్దాల శాస్త్రంలో దీనికి జవాబు దొరకలేదు. జమేదారు కాగితంలో మాత్రం మల్లయ్య ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాడు.