సంచి ఖాళీ చేసే పిల్ల

2023 జనవరి. బేస్తవారిపేట మండలంలోని ఒక చిన్న పల్లెలో నేను అంగన్‌వాడీ టీచర్ని. అప్పటికి నా సర్వీసు పంతొమ్మిదేళ్లు. మూడేళ్లు నిండిన పిల్లలు ఇరవై మంది దాకా మా సెంటర్‌కు వస్తారు. పొద్దున ఆటపాటలు, మధ్యాహ్నం గుడ్డుతో అన్నం, తర్వాత చాపల మీద నిద్ర. మా పనంటే గుడ్లు పంచడమని ఊళ్లోవాళ్లు అనుకుంటారు, రిజిస్టర్లు రాయడమని పైవాళ్లు అనుకుంటారు. పిల్లల్ని కనిపెట్టి చూడడం అనే పని ఒకటుందని ఎవరికీ గుర్తుండదు.

ఆ పనిలో నాకు కొంచెం గీర ఉండేది. కొత్త పిల్లను తల్లి దింపగానే చంకనేసుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మేకల్ని చూపించేదాన్ని. వెనక నుంచి చేత్తో తల్లికి సైగ చేసేదాన్ని. పిల్ల తల తిప్పేసరికి తల్లి ఉండేది కాదు. రెండు నిమిషాలు గుక్కపెట్టి ఏడ్చి, బెల్లం ముక్క నోట్లో పడగానే సర్దుకునేది. చుట్టుపక్కల కొత్తగా చేరిన టీచర్లకు ఈ కిటుకు నేనే నేర్పాను, వాళ్లు అడగకపోయినా.

మా వైపు బోర్లు ఎండిన ఏడాది సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. ఆ ఏడాది లక్ష్మీదేవి, ఆమె భర్త బయల్దేరారు. వాళ్ల కూతురు నందినికి అప్పుడే మూడేళ్లు నిండాయి. పిల్లను వాళ్ల అవ్వ వెంకటమ్మ దగ్గర వదిలి వెళ్లాలి. వెంకటమ్మకు గొర్రెలున్నాయి, కాబట్టి పొద్దంతా పిల్ల సెంటర్‌లోనే ఉంటుంది.

"అక్కా, రేపు బండి వస్తాది. ఇది నన్ను చూస్తే వదలదు. దీని ఏడుపు చూస్తే నేను బండెక్కలేను" అంది లక్ష్మీదేవి.

"బండి మధ్యాహ్నం రమ్మను. అన్నం పెట్టి పడుకోబెట్టి నీకు ఫోన్ చేస్తా. నిమ్మళంగా ఎక్కి పో" అన్నాను.

అన్నట్టే చేశాను. నందిని నా వేలు పట్టుకుని నిద్రపోయింది. వేలు మెల్లగా విడిపించుకుని ఫోన్ చేశాను. కూలీల ట్రాలీ మా సెంటర్ ముందు నుంచే పోవాలి, ఆ చప్పుడుకు లేస్తుందేమోనని కిటికీలు మూశాను. మూడింటికి లేచి "అమ్మ?" అంది. "సంతకు పోయింది, వస్తాది" అన్నాను. ఏడవలేదు. సాయంత్రం లక్ష్మీదేవికి ఫోన్ చేసి, "ఒక్క చుక్క కన్నీళ్లు కార్చలా నీ కూతురు" అని గొప్పగా చెప్పాను.

మూడో రోజు నుంచి నందిని మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. గోడకు ఆనుకుని తలుపు వైపు చూస్తూ కూర్చునేది. కళ్లు మూతపడుతుంటే లేచి నిలబడేది. రెండు ముద్దలు తిని, తలుపు చూసి, మళ్లీ కంచం ముట్టేది కాదు. పైగా ఇంకో అలవాటు మొదలైంది. ఎవరి సంచి కనిపించినా విప్పి, అందులో ఉన్నవన్నీ తలా ఒక మూల పడేసేది. మా ఆయా కూరగాయల సంచి ఆ వారంలో మూడుసార్లు ఖాళీ అయింది. "టమాటాలు పప్పు డబ్బాలో దొరికినాయి టీచరమ్మా, ఈ పిల్లతో నా వల్ల కాదు" అని ఆయా తల పట్టుకుంది.

నెల తిరిగేసరికి బరువు తూచాను. మా దగ్గర గ్రోత్ చార్ట్ అని ఒకటుంటుంది. పిల్లల బరువును నెలనెలా అందులో చుక్కగా పెడతాం. చుక్క ఆకుపచ్చలో ఉంటే బాగున్నట్టు, పసుపులోకి జారితే జాగ్రత్త పడాలి, ఎరుపులోకి పోతే ఆస్పత్రికి పంపాలి. నందిని చుక్క పసుపులోకి జారింది. నాకు భయమేసింది. డాక్టర్ దగ్గరికి పంపితే నులిపురుగుల మాత్ర, టానిక్ ఇచ్చారు. వెంకటమ్మ దిష్టి తీసి, నల్లదారం కట్టింది. ఏదీ పనిచేయలేదు. మొండిపిల్ల అని నేను తీర్మానించుకున్నాను.

అలాంటి రోజుల్లో మా సూపర్‌వైజర్ తనిఖీకి వచ్చారు. హ్యాండ్‌బ్యాగ్ మూలన పెట్టి రిజిస్టర్లు చూస్తున్నారు. కాసేపటికి కళ్లజోడు కోసం చూస్తే బ్యాగ్ అడుగు దాకా ఖాళీ. టిఫిన్ బాక్సు బొమ్మల తొట్టిలో, నీళ్ల సీసా చాప కింద, కళ్లజోడు నల్లబల్ల వెనకాల దొరికాయి. మేడం ముఖం ఎర్రబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. నందిని రెక్క పట్టుకుని గుంజాను.

"ఎందుకు తీసినావే? దొంగతనం చేస్తావా?"

పిల్ల భయపడలేదు. నాకు తెలియని విషయం చెబుతున్నట్టు చెప్పింది.

"సంచిలో ఏం లేకపోతే పోరు."

పిల్ల రెక్క వదిలేశాను. మిరపకోతలకు పోయే ముందురోజు ఇంట్లో వాళ్లమ్మ కంచం, దుప్పటి, చీరలు సంచిలో సర్దుకోవడం ఈ పిల్ల చూసే ఉంటుంది. మర్నాడు సెంటర్‌లో నిద్రలేచి ఇంటికి పోయేసరికి సంచీ లేదు, అమ్మా లేదు. నిద్రపోతే మనుషులు మాయమవుతారని, సంచి నిండితే పోతారని లెక్క కట్టుకుంది. ఆ వయసుకు అది తప్పు లెక్కేమీ కాదు.

"వాళ్లమ్మ పోయేటప్పుడు ఈ పాప చూసిందా?" అని అడిగారు మేడం.

"పడుకోనుంది మేడం" అన్నాను. ఎవరు పడుకోబెట్టారో చెప్పలేదు. ఆ రోజంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

మొదటి కోత అయిపోయి, రెండో కోతకు ముందు లక్ష్మీదేవి నాలుగు రోజులు ఇంటికి వచ్చింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. నందిని తల్లి ముఖమైనా చూడకుండా సంచిలోంచి ఒక్కొక్కటే తీసి మంచం కింద దాస్తోంది.

"నన్ను చూసి నవ్వను కూడా నవ్వలా అక్కా. సంచి కోసమే కాసుకోనున్నట్టుంది" అని కళ్లు తుడుచుకుంది లక్ష్మీదేవి.

జరిగిందంతా చెప్పాను.

"నిద్రపుచ్చి పంపిస్తానన్నది నువ్వే గదక్కా?"

"నేనే. తప్పు చేసినా."

"అయితే ఈసారి నేను పోను. పిల్ల చిక్కి సగమైంది."

ఒక్కడి కూలితో ఆ ఎండాకాలం గడవదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "పో. కానీ దానికి చెప్పి, అది చూస్తుండగా పో" అన్నాను. వెంకటమ్మ ఇంతెత్తున లేచింది. "ఏంది నువ్వు చెప్పేది? పసిబిడ్డను గుండె పగిలేటట్టు ఏడిపిస్తారా?" మొన్నటి దాకా నేను మాట్లాడిన మాటే అది.

బయల్దేరే రోజు పొద్దున సెంటర్ వాకిట్లోనే సంచి సర్దించాను. నందినినే సర్దమన్నాం. కంచం పెట్టింది, దుప్పటి పెట్టింది. దువ్వెన పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది.

"అమ్మ పోతుంది నాయనా. మిరపకాయలు కోసి ఉగాదికి వస్తా. రోజూ ఫోన్లో మాట్లాడతా" అంది లక్ష్మీదేవి.

మూడోసారి దువ్వెన సంచిలోనే ఉండిపోయింది.

ట్రాలీ కదిలాక పిల్ల ఏడ్చిన ఏడుపు చెప్పలేను. నా భుజం కొరికింది, జాకెట్ చినిగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లలేదు, బెల్లం పెట్టలేదు. "అమ్మ పోయింది, నీకు కష్టంగా ఉంది" అంటూ ఎత్తుకుని తిరిగాను. పంతొమ్మిదేళ్లలో ఒక పిల్ల ఏడుపును మొదటి నుంచి చివరిదాకా వినడం నాకదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం గుడ్డు సగం తింది. చాప మీద నా పక్కన కూర్చుని, "నువ్వు పోతావా?" అని అడిగింది.

పోనని చెప్పడం చాలా తేలిక. ఆ రోజు రెండింటికి నాకు గ్రామ సచివాలయంలో మీటింగ్ ఉంది. "పోతా. మీటింగ్ ఉంది. ఆయా ఉంటుంది. పోయే ముందు నిన్ను లేపి చెప్పి పోతా" అన్నాను. నా ముఖం కాసేపు చూసి పడుకుంది. నిమిషంలో నిద్రపోయింది.

రెండయింది. నేను వంగుతుంటే ఆయా నా చెయ్యి పట్టుకుంది. "నీకేమన్నా పిచ్చా టీచరమ్మా? ఇన్నాళ్లకు పడుకున్న పిల్లను లేపుతావా?" నిజమే, లేపబుద్ధి కాలేదు. మళ్లీ నిద్రపోతుందో లేదో. అయినా భుజం తట్టాను.

"నందినీ, నేను మీటింగ్‌కు పోయొస్తా."

ఒక కన్ను తెరిచి చూసింది. "పో" అంది. అటు తిరిగి మళ్లీ నిద్రపోయింది.

అన్నీ ఒక్కరోజులో చక్కబడలేదు. చుక్క ఆకుపచ్చలోకి రావడానికి మూడు నెలలు పట్టింది. సంచులు విప్పడం వానాకాలం దాకా మానలేదు. నేను మాత్రం ఒకటి నేర్చుకున్నాను. పిల్ల ఏడవకుండా ఉంటే నా పని తేలికవుతుంది, అంతే. పిల్లకు కావాల్సింది, పోయేవాళ్లు చెప్పి పోతారనీ, చెప్పకుండా ఎవరూ పోరనీ నమ్మకం.

నందినికి ముందు ఎంతమందిని అలా మాయ చేశానో నాకు గుర్తు లేదు. నా మొదటి పిల్లలు ఇప్పుడు తల్లులై వాళ్ల పిల్లల్ని తెచ్చి దింపుతున్నారు. మొన్న ఒకమ్మాయి గుమ్మంలో పిల్లాణ్ని నా చేతికిచ్చి, "అక్కా, నువ్వు మేకల్ని చూపియ్యి, నేను జారుకుంటా" అని గుసగుసగా అంది. ఆ మాట ఆమెకు నేర్పింది ఎవరో నాకు తెలుసు.

"వాడికి చెప్పి పో" అన్నాను.

"ఏడుస్తాడు గదక్కా."

"ఏడవనీ. నేనుంటా."