ఫర్హత్ బోడిపిల్లి

జగ్గయ్యపేటలో బట్టలు కుట్టే ఫర్హత్ రోజూ మిషను దగ్గర కూర్చోకముందే, వెంట్రుకల్లేకుండా పుట్టిన తన పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని, చర్మం ముడతల్లో చేరిన జిడ్డును తడిగుడ్డతో తుడిచేది. జిడ్డు పేరుకుని లేచిన కురుపులు తగ్గేవి, నెల తిరక్కుండా మళ్లీ లేచేవి. "ఇది పూర్తిగా పోయేది కాదమ్మా, తుడుస్తూనే ఉండాలి" అన్నాడు నందిగామ పశువుల డాక్టరు. ఆరేళ్లు తుడిచింది.

ఆ వేసవిలో చెల్లెలి కాన్పుకు వత్సవాయి వెళ్లి, నాలుగో రోజున తిరిగొచ్చేసరికి పిల్లి చచ్చిపోయి ఉంది. "మళ్లీ కురుపులు లేచినయ్. రోజూ ఫినాయిలు నీళ్లతో కడిగితే మానుతాయనుకున్నా" అన్నాడు భర్త యూనస్, తలెత్తకుండా. ఫినాయిలు ఘాటుకు అతని చేతులు కూడా పొట్టు లేచి ఎర్రబడి ఉన్నాయి. ఫర్హత్ కొబ్బరినూనె తెచ్చి, ఆ వేళ్లకు ఒక్కొక్కదానికీ రాస్తూ అప్పుడు ఏడ్చింది.