రెక్క కుట్టే పెద్దాయన

రెండువేల మూడో నాలుగో అయివుంటుంది. గుత్తి నుంచి బెంగళూరు వెళ్లే ప్యాసింజరులో నా ఎదుట డెబ్బై దాటిన పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో మందపాటి తెల్లగుడ్డ, చేతిలో జానెడు సూది. దారం ఎంతకూ ఎక్కక, సూది నాకందించాడు.

“కండ్లు సరిగా కనపడవప్పా. రవ్వంత ఎక్కిస్తావా?”

ఎక్కించి ఇచ్చాను. కిటికీలోంచి బీడుపొలాలు చూస్తూనే ఆయన కుట్టుకొక ముడి వేసుకుంటూ పోయాడు. కొలిచినట్టు అన్నీ ఒకే ఎడంలో పడ్డాయి.

“ఏం కుడతాండావు పెద్దాయనా?”

“విమానం రెక్కకేసే కుట్టు. చెయ్యి మరిసిపోయినాదేమోనని చూసుకుంటాండా.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వైమానిక దళంలో ఆయన పని అదేనట. పాతకాలపు శిక్షణ విమానాల రెక్కలంటే చెక్క చట్రానికి బిగించిన గుడ్డేనట. అలాంటిదొకటి బాగుచేసి మళ్లీ ఎగరేయాలనుకున్నవాళ్లు, ఆ కుట్టు తెలిసిన మనిషి దొరక్క ఈయనను వెతికి పిలిపించారు.

“పైకి పోయినాక కుట్టు పిగిలితే?”

“నా భయమూ అదే. చూపు తగ్గినాదని చెప్పినా ఇనల్యా. అందుకే ఒక మాట అడిగినా. మొదటిసారి ఎగిరేటప్పుడు రెండో సీట్లో నేనుండల్ల. లేకుంటే సూది పట్టనని.”

“ఒప్పుకున్నారా?”

“ఒప్పుకున్న్యారు. ఇంట్లోనే చెప్పల్యా.”

ఒక ముడి వదులైందని అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. హిందూపురం దాటేదాకా దారం ఎక్కిస్తూనే ఉన్నాను.

ఆ చలికాలం పేపర్లో ఫోటో పడింది. గాలిలో ఉన్న ఆ పాత విమానంలోంచి పైలట్ చెయ్యి ఊపుతున్నాడు. రెండో సీట్లోని పెద్దాయన మాత్రం పక్కకు వంగి రెక్కనే చూస్తున్నాడు.