సెట్‌లో వెలిగిన ఎర్ర దీపం

ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. దెయ్యాల వార్తలు నా బల్ల మీదికి వస్తే చెత్తబుట్టలోకే వెళ్లేవి. వాటిని ఇప్పటికీ నమ్మను. అయినా ఫిల్మ్‌నగర్‌లో జరిగింది రాయక తప్పడం లేదు.

మా అక్క కూతురు గ్రేస్ న్యూట్రినోల మీద, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కంటికి కనబడని అతి సూక్ష్మ కణాల మీద పరిశోధన చేస్తుంది. ఆకాశంలో ఎక్కడో పేలుడు జరిగిందని ఉపగ్రహం పసిగడితే ఆమె ఫోన్‌కు కబురు వస్తుంది. అదే దిక్కు నుంచి, అదే సమయంలో న్యూట్రినోలు వచ్చాయా అని దక్షిణ ధ్రువంలో మంచు అడుగున ఉన్న డిటెక్టర్ సమాచారంలో వెంటనే వెతకాలి. దొరికితే టెలిస్కోపులను అటు తిప్పుతారు. ఆలస్యమైతే ఆ వెలుగు ఆరిపోతుంది. అలాంటి ఒక్కదాని కోసం గ్రేస్ ఐదేళ్లుగా కాచుకుని ఉంది.

ఒక అంతరిక్ష సినిమా వాళ్లు ఆమెను సలహా కోసం పిలిచారు. నేనూ తోడు వెళ్లాను. హీరో గెటప్ బయటికి పొక్కకుండా అందరి ఫోన్లూ గేటు దగ్గరే తీసుకుని బీరువాలో పెడతారు. ఆ రోజు కబురు వస్తే వెతికే డ్యూటీ తనదేనని గ్రేస్ వివరంగా చెప్పింది. మోగిన వెంటనే తెచ్చిస్తానని ప్రొడక్షన్ మేనేజర్ మాటిచ్చాడు.

సెట్ ఒక కంట్రోల్ రూమ్. అంతా చెక్క, రంగు. షాట్‌కు ముందు లైట్లు ఆపినప్పుడు, గ్రేస్ ముందున్న బల్ల మీద ఎర్ర దీపం వెలిగి ఆరింది. మూడు నాలుగు సెకన్లు. అలవాటుకొద్దీ టైము నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మధ్యాహ్నం మూడు పన్నెండు. ఆర్ట్ అసిస్టెంట్ దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఉత్త ప్లాస్టిక్ మూత. లోపల బల్బు లేదు, వైరు లేదు.

"మావయ్యా, నా ఫోన్" అంటూ గ్రేస్ గేటు వైపు పరుగెత్తింది.

మేనేజర్ బీరువాకు అడ్డంగా నిలబడ్డాడు. తాళాలు వేలికి తిప్పుతున్నాడు.

"షాట్ అయినంక ఇస్త మేడం. మోగలే గదా, ఫికర్ ఎందుకు? ఆకాశం యాడికి పోతది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె బతిమాలింది. నేను అరిచాను. నలభై నిమిషాలు నిలబెట్టాడు.

మోగలేదన్నది నిజమే. లోపల సౌండ్ రికార్డింగ్ ఉన్న రోజున తీసుకున్న ఫోన్లన్నీ స్విచాఫ్ చేయడం వాళ్ల మామూలు. మాటిచ్చిన చేత్తోనే దీన్నీ ఆపేశాడు.

ఆన్ చేయగానే కబురు కనబడింది. పేలుడు నమోదైంది మూడు పన్నెండుకి. గ్రేస్ కారులోనే లాప్‌టాప్ తెరిచి వెతికింది. న్యూట్రినో కూడా దొరికింది. టెలిస్కోపులు అటు తిరిగేసరికి అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు.

ఆ మూత ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అది ఎలా వెలిగిందో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేకపోయారు. దాన్ని చూస్తే భయం వేయదు. వేలికి తిరుగుతున్న ఆ తాళాలు గుర్తొస్తాయి, ఒళ్లు మండుతుంది.